డైరెక్ట్ చేసిన ఫ్రిజ్

ఎవరింట్లో ఫ్రిజ్ మొరాయించినా సంచి భుజాన వేసుకుని పరిగెత్తే మెకానిక్‌గారి సొంత ఫ్రిజ్ చెడిపోయి నెల దాటింది. చెడిపోయిందంటే అదేమీ మూలపడలేదు. చల్లదనం చాలగానే మోటారుని ఆపే థర్మోస్టాట్ ఒక్కటే పోయింది. కొత్తది తెచ్చి బిగిస్తే పది నిమిషాల పని. కానీ మండువేసవిలో ఫ్రిజ్ మెకానిక్‌కి పది నిమిషాలు దొరకడమంటే మాటలా? తెల్లారింది మొదలు ఫోన్ ఊపిరి సలపనివ్వదు. అందుకని ఒకరోజు హడావుడిగా ఆ పాత థర్మోస్టాట్ పీకేసి, రెండు తీగలూ కలిపి చుట్టేసి, "డైరెక్ట్ చేశాను, ప్రస్తుతానికి నడుస్తుంది" అని వెళ్లిపోయాడు. మెకానిక్ నోట ప్రస్తుతానికి అన్న మాట వస్తే ఇక ఆ పని ఈ జన్మలో అవదని అర్థం.

డైరెక్ట్ చేసిన ఫ్రిజ్‌కి ఆగడం తెలియదు. స్విచ్ వేసి ఉన్నంతసేపూ చల్లబరుస్తూనే ఉంటుంది. కాబట్టి ఇంట్లోవాళ్లే తలా కాసేపు థర్మోస్టాట్ అయ్యారు. అరగంట వెయ్యాలి, గంట ఆపాలి. బట్టల కొట్టుకి పనికి వెళ్లేదాకా అతని భార్య చూసుకునేది. మధ్యాహ్నమంతా మెకానిక్ తల్లి వంతు. సాయంత్రం కూతురిది. బడికి సెలవులు కావడంతో ఆ పిల్ల గోడగడియారం ముందు కుర్చీ వేసుకుని, బస్సు కోసం కాచుకున్నట్టు ముల్లు వంక చూస్తూ కూర్చునేది. ఒక్కరోజైనా నిమిషం తప్పలేదు.

ఆ పిల్లకి పదేళ్లు. పుల్లలా ఉంటుందని అందరూ పిచ్చుక అంటారు. ఏడో ఏట షుగర్ జబ్బు బయటపడింది. అప్పటినుంచీ పూటపూటా ఇన్సులిన్ సూది, వేలు గుచ్చి మీటర్‌లో అంకె చూసుకోవడం. నిజం చెప్పాలంటే ఆ ఇంట్లో ఫ్రిజ్ ఉన్నది చన్నీళ్ల కోసం కాదు, మధ్య అరలో చిన్న డబ్బాలో ఉండే ఆ మందు సీసాల కోసమే. సీసాకి వేడి తగలకూడదని డాక్టరు మొదటిరోజే చెప్పింది. ఇంకా ఏవేవో చెప్పింది గానీ, మెకానిక్ చెవికెక్కింది ఆ ఒక్క మాటే.

ఒక మధ్యాహ్నం అతను ఎవరింట్లోనో ఫ్రిజ్ వెనక దూరి, మరమేకు పళ్ల మధ్య పట్టుకుని ఉండగా వాళ్లమ్మ ఫోన్ చేసింది.

"ఒరేయ్, కాస్త కునుకు పట్టిందిరా. స్విచ్ ఆపలేదు. సీసాల్లో నీళ్లు రాళ్లయిపోయాయి. పిల్ల మందు కూడా గడ్డకట్టింది."

"కడితే ఏమైందమ్మా. బయటపెట్టు, కరుగుతుంది. కరిగాక మళ్లీ లోపల పెట్టెయ్."

"చెడిపోదు కదరా?"

"చల్లబడక చెడిపోతాయి గానీ, ఎక్కువ చల్లబడి చెడేదేముంటుంది? పనిలో ఉన్నాను, పెట్టేస్తున్నా."

పాపం, అతని తప్పనుకోవడానికి మనసు రాదు. పాతికేళ్ల నుంచీ చల్లబడటం లేదని ఏడ్చినవాళ్లనే చూశాడు. మరీ చల్లబడి కొంప మునిగిందని ఎవరూ అతన్ని పిలవలేదు. ఫోన్ జేబులో పెట్టుకోగానే ఆ మాట మర్చిపోయాడు. అక్కడ ముసలామె రెండు సీసాలనీ అరచేతుల్లో ఉంచుకుని, అవి కరిగేదాకా కదలకుండా కూర్చుంది. కరిగిన మందు తేటగా, ఎప్పటిలాగే ఉంది. కొడుకు చెప్పాక ఇక దిగులేముందని డబ్బాలో పెట్టేసింది. ఆ సంగతి కోడలికి చెప్పాల్సినంత పెద్దదని కూడా అనుకోలేదు.

మర్నాడు పిచ్చుక తెగ నీళ్లు తాగింది. ఎండలకేమోలే అనుకున్నారు. ఆ మర్నాడు మీటర్‌లో మూడొందలు దాటింది, సాయంత్రానికి నాలుగొందలయింది. ఆస్పత్రికి ఫోన్ చేస్తే డాక్టరు సెలవులో ఉందనీ, తిండి దగ్గర గట్టిగా చూసుకుని సోమవారం తీసుకురమ్మనీ ఎవరో చెప్పారు. తిండి దగ్గర చూసుకోవడమంటే మెకానిక్‌కి ఒకటే అర్థమైంది. పిల్ల దొంగతనంగా తీపి తింటోంది.

"ఏం తిన్నావ్?"

"ఏం తినలేదు నాన్నా."

"మరి అంకె ఊరికే పెరుగుతుందా? యంత్రం అబద్ధం చెప్పదు."

మోటారు ఎందుకు వేడెక్కిందో వెతికినట్టు ఇల్లంతా గాలించాడు. చక్కెర డబ్బా అటక మీదకెక్కించాడు. పిల్ల పుస్తకాల సంచి దులిపాడు, పరుపు ఎత్తి చూశాడు, దిండు గలీబు తిరగేశాడు. ఒక్క కాగితం ముక్క కూడా దొరకలేదు. ఏమీ దొరక్కపోయేసరికి ఊరుకోవాల్సింది పోయి, ఎంత తెలివిగా దాచిందో అని ఇంకా ఒళ్లు మండింది.

"వదిలెయ్యండి, అది అలాంటిది కాదు," అంది భార్య.

"నువ్వు కొట్లో ఉంటావ్, నేను బయట ఉంటాను. అదేం చేస్తోందో ఎవరు చూశారు?" అన్నాడు. మందు కాస్త పెంచి పొడిచారు. అంకె దిగలేదు.

మూడో రోజు రాత్రి అన్నం దగ్గర మళ్లీ మొదలుపెట్టాడు. అడిగిందే అడిగి, అడిగిందే అడిగి, చివరికి "నిజం చెప్పేదాకా నీతో మాట్లాడను" అన్నాడు. పిచ్చుక కంచం వంక చూసింది.

"బిస్కెట్లు తిన్నాను," అంది.

"ఎన్ని?"

"చాలా."

దొరికిపోయిందన్న సంతోషంలో మెకానిక్ ఎక్కడివి, ఎవరిచ్చారు అని కూడా అడగలేదు. ఇకమీదట తినకపోతే అదే సర్దుకుంటుందని గుండెల మీద బరువు దించుకుని నిద్రపోయాడు. పిల్ల మాత్రం తెల్లారేదాకా నీళ్లకీ బాత్‌రూమ్‌కీ తిరుగుతూనే ఉంది.

పొద్దున్నే మందుల దుకాణంవాళ్లు పిలిచారు. వెళ్లి చూస్తే థర్మోస్టాట్ అతుక్కుపోయి ఫ్రిజ్ అంతా మంచు పేరుకుని ఉంది. దుకాణం పెద్దాయన ముక్కుమీదకి కళ్లజోడు లాక్కుని, లోపలి చిన్న సీసాలని ఒక్కొక్కటే తీసి అట్టపెట్టెలో పడేస్తున్నాడు. ఆ సీసాలు మెకానిక్‌కి బాగా తెలుసు.

"అవి ఇన్సులిన్ కదండీ. కరిగితే మళ్లీ వాడుకోవచ్చుగా, ఎందుకు పారేస్తున్నారు?"

"చూడ్డానికి మంచివేనయ్యా. కానీ ఒక్కసారి గడ్డకట్టిందంటే దాని పనితనాన్ని నమ్మడానికి లేదు. నీళ్లు పొడుచుకున్నట్టే. పైకి ఏమీ తెలియదు, అదే దాంతో చిక్కు."

ఆ రోజు ఫ్రిజ్ వెనక దూరి అమ్మతో తను అన్న మాటలు ఒక్కొక్కటే మెకానిక్ చెవిలో మళ్లీ వినపడ్డాయి. సంచి అక్కడే వదిలేసి స్కూటర్ తీశాడు. దారిలో రెండుసార్లు ఇంటికి ఫోన్ చేశాడు, ఎవరూ ఎత్తలేదు. దేవుడా, కాళ్లు మొక్కుతాను, ఈ ఒక్కసారికి, అని పైకే అంటూ నడిపాడు.

ఇంట్లో పిచ్చుక నేలమీద పడుకుని ఉంది. వాంతయిన గుడ్డలు పక్కనే ఉన్నాయి. కొండెక్కి వచ్చినదానిలా రొమ్ము ఎగరేస్తూ ఊపిరి తీస్తోంది. "మీరిద్దరూ వెళ్లినప్పటినుంచీ ఇలాగే ఉందిరా, పిల్లని వదిలి ఫోన్ దగ్గరికి కూడా వెళ్లలేకపోయాను," అని వాళ్లమ్మ ఏడ్చింది. పిల్లని ఇద్దరి మధ్యా కూర్చోబెట్టుకుని స్కూటర్ మీదే ఆస్పత్రికి తీసుకెళ్లారు. తల అతని వీపు మీద వాలిపోయి ఉంది. అది బరువుగా ఉన్నంతసేపూ బతికే ఉందనుకుంటూ నడిపాడు.

ఆస్పత్రిలో వేరే డాక్టరు, వయసులో చిన్నామె, రక్తం తీయించి, సెలైన్ పెట్టిస్తూ పిల్ల చెంప మీద తట్టింది.

"ఏం తిన్నావమ్మా? చెప్పు, తిట్టను."

పిచ్చుక కళ్లు తెరిచి ముందు తండ్రి వంక చూసింది. ఆ తర్వాతే నోరు విప్పింది.

"బిస్కెట్లు. చాలా తిన్నాను."

ఆ చూపుని మెకానిక్ తట్టుకోలేకపోయాడు. "లేదండీ," అన్నాడు. "అదేమీ తినలేదు. నేనే బెదిరించి ఆ మాట అనిపించాను. మందు గడ్డకట్టింది. ఏం కాదు, కరిగించి వాడమన్నది నేనే. ఆ ఫ్రిజ్ అలా చేసిందీ నేనే."

డాక్టరు అతని వంక చూసి, నర్సుకి ఏదో చెప్పి పిల్లని లోపలికి తీసుకెళ్లింది. తిట్టి ఉంటే బాగుండేదని అతనికి అనిపించింది.

బయట బల్ల మీద ముగ్గురూ కూర్చున్నారు. కొట్లోంచి పరిగెత్తుకొచ్చిన భార్య అంతా విని అతనికి దూరంగా జరిగింది.

"నిద్రపోయింది నేనురా, పాపం నాది," అంది వాళ్లమ్మ.

"నువ్వు అడిగావమ్మా. చెడిపోదు కదా అని నువ్వు అడిగావు," అన్నాడు.

ఎండ దిగేవేళకి డాక్టరు వచ్చి, ఇంకా రెండ్రోజులు ఇక్కడే ఉంచాలి గానీ గండం గడిచినట్టే అంది. ఒక్కొక్కళ్లే వెళ్లి చూడమంది. భార్య వెళ్లొచ్చాక మెకానిక్ వెళ్లాడు. మంచం పక్కన నిలబడి, చెయ్యి పట్టుకోవచ్చో లేదో తెలియక రెయిలింగ్ పట్టుకున్నాడు.

"తినకుండా తిన్నానని ఎందుకు చెప్పావమ్మా?"

"తినలేదంటే నువ్వు మాట్లాడనన్నావుగా."

పిచ్చుక గోడ వంక చూసింది. అక్కడ గుండ్రటి గడియారం ఒకటి ఉంది. ముల్లు చూడగానే పిల్ల మొహంలో కంగారు కనపడింది.

"నాన్నా, ఐదున్నర దాటింది. ఫ్రిజ్ ఆపడం నా వంతు," అంది. "నేను మర్చిపోలేదు నాన్నా. ఇక్కడున్నానని ఆపలేకపోయాను."

మెకానిక్ ఆ మంచం పక్కనే నేలమీద కూలబడి, దుప్పటిలో మొహం పెట్టుకుని ఏడ్చాడు.