లొద్దిలో వినిపించిన పేరు

నేను ఒక వెదురు కర్రను. తలుపు మూలన నిలబడి కుక్కల్ని అదిలించే రకం కాదు, కొండదారి నడిపించే కర్రను. నల్లమలలో మల్లన్న కొండకు ఉగాది ముందు జనం నడిచిపోయే అడవిదారి ఒకటుంది. మూడు మజిలీలు. మొదటి రెండూ ఎలాగో గట్టెక్కుతారు. ఎర్రవాగు నుంచి కొండమీది రాతి గుమ్మం దాకా ఉన్న మూడో మజిలీ మాత్రం మనిషి పొగరంతా దింపేస్తుంది. దిగుడులో మోకాళ్ళు వణుకుతాయి, ఎగుడులో ఊపిరి అందదు. నా అవసరం అక్కడే.

పుట్టింది ఎర్రవాగు ఒడ్డు పొదలో. ఒక చెంచు పెద్దాయన నన్ను నరికి, నిప్పు మీద కాచి వంకర తీశాడు. కణుపులు చెక్కాడు, కింది కొనను సెగ చూపించి గట్టిపరిచాడు. అంత ఓపికగా నన్ను ముట్టుకున్న మనిషి మళ్ళీ చాలాకాలం తగల్లేదు.

ఈ దారిలో ఒక పద్ధతుంది. పైకి చేరినవాళ్ళు గుమ్మం దగ్గర కర్రను కుప్పలో వేసి పోతారు. కొండ దిగేవాళ్ళు అందులోంచి ఒకటి పట్టుకుని ఎర్రవాగు దగ్గర వదిలేస్తారు. అలా నేను మారని చేయి లేదు. ఒక కాంట్రాక్టరు గారు దారి పొడవునా తన బరువంతా నామీదే మోపి, గుమ్మం కనపడగానే "అంతా శివయ్య దయ" అని నన్ను విసిరికొట్టారు. శివయ్య దయే కావచ్చు. ఆయన అరచేతి చెమట మాత్రం నాకే అంటింది.

తర్వాత గిడ్డయ్య వచ్చాడు. ఆదోని అవతలి పల్లె, వేరుశనగ రైతు, అరవైకి దగ్గర పడ్డవాడు. వెంట భార్య సుంకులమ్మ. ఇద్దరూ కలిసి ఒక్క కర్రే తీసుకున్నారు. రెండు తీసుకుంటే వెనకొచ్చేవాళ్ళకు తక్కువవుతాయని ఆయన లెక్క. దిగుడులో ఆమె చేతికిచ్చేవాడు, ఎగుడులో ఆమె తిరిగి ఇచ్చేసేది. వాళ్ళ మధ్య మాటలు తక్కువ. పిల్లల్లేరు. ఉండుంటే మొగుణ్ణి 'ఫలానావాడి నాయనా' అని పిలుచుకునేది. లేరు గనక ఆయన ఆమెకు ఎప్పుడూ 'ఇదో', 'ఏమయ్యా'. పెళ్ళాం నోటివెంట మొగుడి పేరొస్తే వాడి ఆయుష్షు తరుగుతుందని వాళ్ళ ఊళ్ళో గట్టి నమ్మకం. ఆయుష్షు అంత చిన్నదానికి తరిగేదైతే, రోజుకో చుట్టల కట్ట కాల్చే ఆయన మీద ఆమె ఎందుకు కసురుకోదో నాకు అర్థం కాలేదు.

ఈ దారిలో ఎవరికీ పేరుండదు. అందరూ 'స్వామి'. ఆడవాళ్ళయితే 'తల్లి'. పోలీసు స్వామి, మంగలి స్వామి, షావుకారు స్వామి. దేవుడి ముందు అందరూ ఒకటేనని అలా పెట్టుకున్నారు. మంచి ఆలోచనే.

లోయ మలుపు దగ్గర గిడ్డయ్య ఆగాడు. "నువ్వు ముందర పోయి ఆ బండ మింద కూచో మే, నేనొస్తా" అని పక్కకు తిరిగాడు. మిగతావాళ్ళు ఇలాంటి అవసరానికి ఒక పొద చాటు చూసుకుంటారు. ఈయన, దేవుడి దారి కనపడేంత దూరంలో కూర్చోవడం తప్పని, చెట్లమధ్య లోపలికి, ఇంకా లోపలికి పోయాడు. ఎండు వెదురాకు కింద నేల ఉందనుకుని నన్ను మోపాడు. నేల లేదు. లొద్ది ఉంది. ఈ అడవిలో అంచు కనపడకుండా లోతుగా ఉండే సందుల్ని అలా అంటారు. ఇద్దరం కలిసే జారాం. ఆయన ఎడమకాలు రెండు బండల మధ్య ఇరుక్కుని మోకాలి కింద విరిగింది.

మొదట గట్టిగానే అరిచాడు. పైన "హరహర మహాదేవ" అంటూ ఒక గుంపు పోతోంది, ఆ హోరులో ఎవరికీ వినపడలేదు. తర్వాత గొంతెండిపోయింది. చేతికందే దూరంలో నేను పడి ఉన్నాను, ఆయన నన్ను తీసి గుండెల మీద పెట్టుకున్నాడు.

పైన ఏం జరిగిందో తర్వాత వాళ్ళింట్లో చెప్పుకుంటుంటే విన్నాను. సుంకులమ్మ బండ మీద చాలాసేపు కూర్చుంది. లేచి వెనక్కి నడిచింది. "స్వామీ!" అని పిలిచింది. దారిలో ఉన్న స్వాములందరూ "ఓ స్వామీ" అన్నారు. "మిమ్మల్ని కాదు స్వామీ" అని మళ్ళీ పిలిచింది. మళ్ళీ అందరూ పలికారు. కర్ణాటక నుంచి వచ్చినవాళ్ళయితే ఆమె భజన చెబుతోందనుకుని గొంతు కలిపారు.

ఒక లారీ డ్రైవరు ఆగి అడిగాడు. "పేరు జెప్పమ్మా, అందరం గలిసి పిలుద్దాం."

"నేను జెప్పగూడదు నాయనా."

"మనిషి తప్పిపోతే జెప్పగూడదేంది తల్లీ?"

"ఆయన ఆయుష్షుకు మంచిది గాదు. మా ఊరి ఆంజనేయస్వామి పేరే, అంత మాత్రం జెప్పగలను."

వాళ్ళ ఊరి గుడిలో ఉన్నది పొట్టి ఆంజనేయుడు, గిడ్డాంజనేయస్వామి. ఆ సంగతి డ్రైవరుకేం తెలుసు? నలుగురినీ పోగేసి "ఆంజనేయులూ! ఓ ఆంజనేయులూ!" అని అడవంతా దద్దరిల్లేలా పిలిపించాడు.

ఆ కేకలు లొద్దిలోకి బాగానే దిగాయి. వాటి వెనకే ఒక ఆడగొంతు, బొంగురుపోయి, చీరుకుపోయి, "స్వామీ... స్వామీ..." అంటోంది. సుంకులమ్మ గొంతెత్తి అరవగా గిడ్డయ్య ఎన్నడూ వినలేదు. ఆ గొంతు ఆమెదని ఆయనకు తట్టలేదు. పెళ్ళాం బండ మీద నీడపట్టున కూర్చుని ఉందనే ఆయన ధీమా.

"పాపం, ఎవురో ఆంజనేయులంట, తప్పిపోయినట్టుండాడు" అని నాతో అన్నాడు. ఇంకెవరున్నారు అనడానికి? "ఆ ఆడమనిషి ఎంత ఏడుస్తాందో. మల్లన్నా, వాడు దొరికేట్టు జూడు సామీ." కాలు నీలం తిరుగుతున్న మనిషి, తనకోసం జరుగుతున్న వెతుకులాటలో, వేరేవాడికోసం దండం పెట్టాడు. నాకు నోరుంటే ఆ క్షణాన అడవి పగిలేలా చెప్పేదాన్ని. నువ్వేనయ్యా ఆంజనేయులు, పలుకు!

ఎండ తిరిగింది. కేకలు దూరమయ్యాయి, తగ్గాయి. ఆంజనేయులు దొరికాడు కాబోలని గిడ్డయ్య సంతోషించాడు కూడా.

పొద్దు వాలే వేళకు, బాగా దగ్గర నుంచి, ఒకే ఒక్క కేక.

"గిడ్డయ్యా!"

ఆయన కదల్లేదు. మళ్ళీ వచ్చింది. "ఓ గిడ్డయ్యా! యాడుండావు? పలుకయ్యా!"

పెళ్ళాం నోట తన పేరు విన్న ఆయన ముఖం నేను చూశాను. కాలి నొప్పి కూడా మరిచిపోయాడు. "ఓ!" అన్నాడు, బడిలో హాజరు పలికిన పిల్లాడిలా. గొంతు పైకి చేరలేదు. అప్పుడు నన్ను పట్టుకుని బండను కొట్టాడు. విరిగిపోతానేమో అనుకున్నాను. విరిగినా బాధపడేదాన్ని కాదు.

ఆ చప్పుడు పట్టుకుని లొద్దిలోకి దిగినవాళ్ళు డోలీ కట్టి మోసుకెళ్ళారు. కాలు మాత్రం దక్కలేదు. "మధ్యాహ్నమే తెచ్చుంటే నిలబెట్టేవాళ్ళం" అన్నాడు డాక్టరు. మామూలుగా అన్న మాటే. సుంకులమ్మ లోపల అది దిగబడిపోయింది.

నన్ను కూడా ఊరికి తెచ్చుకున్నారు. కుప్పలో వేయని మొదటి యజమానులు వాళ్ళే. అయితే ఒంటికాలి మనిషికి చంకకర్రలు కావాలి, నాతో పని లేదు. మంచం పక్కన నిలబడి ఏడాది చూశాను. గిడ్డయ్య కాలు గురించి ఒక్క మాట అనలేదు. ఆయన అడిగేదల్లా ఒకటే. "ఏమ్మే, ఆ పొద్దు పిలిచినట్టు ఇంగొక్కసారి పిలువు. ఆ పిలుపుకు ఇంగో కాలైనా ఇస్తా." నవ్వించాలనే అనేవాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పోయేది.

ఈ ఉగాదికి ఆమెను ఆయనే పంపించాడు, మిగిలిన మజిలీ పూర్తిచేసి రమ్మని. నన్ను చేతికిచ్చాడు. మలుపు దగ్గర ఆమె దారి తప్పుకుని లొద్ది అంచున నిలబడింది. నన్ను నేలకు గట్టిగా ఊని పిలిచింది. "గిడ్డయ్యా! ఓ గిడ్డయ్యా!" తడబాటు లేదు, సిగ్గు లేదు. అంత ప్రేమగా మనిషిని మనిషి పిలవడం ఇన్ని చేతులు మారినా నేను వినలేదు.

దారిన పోతున్న ఒక ఆడమనిషి పరుగున వచ్చింది. "ఎవురు తప్పిపోయినారక్కా?"

"ఎవురూ ల్యా తల్లీ. నా మొగుడు. ఇంట్లో ఉండాడు."

"మరి ఇంట్లోనే పిలవగూడదా?"

"ఆ మొగం ముందర నోరు రాదమ్మా. పిలవబోతే కాలు గుర్తుకొస్తాది."

సాయంత్రానికి గుమ్మం చేరాం. పద్ధతి ప్రకారం ఆమె నన్ను కుప్పలో వేసింది. విసరలేదు, మిగతా కర్రలకు ఆనించి పెట్టింది. కళ్ళు తుడుచుకుని గుడివైపు నడిచిపోయింది.

రేపో మాపో ఇంకో చేయి నన్ను పట్టుకుని కొండ దిగుతుంది. ఆ ఊరివైపు మళ్ళీ పోతానన్న ఆశ లేదు. ఆ పిలుపు విన్నదాన్ని నేను. వినాల్సినవాడు మంచం మీద ఉన్నాడు, ఆమె ఇంటికి రాగానే మళ్ళీ అడుగుతాడు. ఆమె మళ్ళీ వంటింట్లోకి పోతుంది.