వాడకంలో లోపం

ఆ సర్వీస్ సెంటర్ వెయిటింగ్ హాల్లో అడుగుపెడితేనే నాకు కంపరం పుట్టేది. చుట్టూ అద్దాల గోడలు, కూర్చుంటే లేవలేని సోఫాలు, మూలన కాఫీ మెషీన్. అది పోసే కాఫీని గిన్నెలు కడిగిన నీళ్ళనాలి. గోడ మీద "మీ నమ్మకమే మా బలం" అని నా ఎత్తున రాసి పెట్టారు. సరిగ్గా దాని కిందే కూర్చుని, సర్వీస్ అడ్వైజర్ పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ చెప్పాడు.

"సారీ మేడం. మీ ఎక్స్‌టెండెడ్ వారంటీ క్లెయిమ్ రిజెక్ట్ అయింది. పార్టులో గానీ మా పనిలో గానీ లోపం ఉంటేనే ఇస్తారంట. మీ క్లచ్ వాడకంలో లోపం వల్ల పోయిందని మెకానిక్ రిపోర్ట్ ఇచ్చాడు."

"ఎవరి వాడకం?"

"అంటే... నడిపేవాళ్ళది మేడం."

నడిపేది నేను. ఇరవై నాలుగేళ్ళుగా జనానికి డ్రైవింగ్ నేర్పి బతుకుతున్నదాన్ని. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళలో డాక్టర్లున్నారు, అంబులెన్స్ డ్రైవర్లున్నారు, నేను అరిస్తే ఏడ్చినవాళ్ళున్నారు. "క్లచ్ మీంచి కాలు తియ్" అని రోజుకి వందసార్లు అంటాను కాబట్టి వెనకాల నన్ను క్లచ్ పిన్ని అంటారని కూడా తెలుసు. ఇన్నేళ్ళూ పక్క సీట్లో కూర్చుని ఎవరెవరి చేతుల్లోనో ప్రాణం పెట్టాను కదా, ఒక్క మంచి బండి నా చేత్తో నేను నడుపుకోవాలని, ఉన్నదంతా ఊడ్చి ఈ రెండు సీట్ల స్పోర్ట్స్ కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఏడాది తిరక్కుండా క్లచ్ పోయింది. కొత్తది వేయించాలంటే నా నాలుగు నెలల సంపాదన. డబ్బు సంగతి అలా ఉంచండి. డ్రైవింగ్ టీచర్ క్లచ్ కాల్చుకుందని ఒక కాగితం బయటికొస్తే రేపు నా దగ్గరికి ఎవడొస్తాడు?

"పిలవండి ఆ మెకానిక్‌ని" అన్నాను.

యాభై ఏళ్ళ మనిషి వచ్చాడు. నెరిసిన మీసం, మెళ్ళో తాడుకి వేలాడే కళ్ళద్దాలు. చేతిలో గుడ్డలో చుట్టిన క్లచ్ ప్లేటు. గుడ్డ విప్పగానే మాడు కంపు గుప్పున కొట్టింది.

"చూడండి మేడం, మొత్తం కాలిపోయింది" అన్నాడు నెమ్మదిగా. "పెడల్ మీద పాదం ఆనించి నడిపితే క్లచ్ పూర్తిగా పట్టుకోదు. ప్లేటు జారతా రాసుకుని మాడిపోతది. మీ బ్రేక్ పెడల్ రబ్బరు కొత్తదానిలా ఉంది. క్లచ్ పెడల్ రబ్బరు మీద గీతలు కూడా మిగల్లేదు."

"అంటే నేను క్లచ్ మీద కాలేసుకుని నడుపుతానంటావు?"

"నేను చూసింది చెప్పాను మేడం."

అంతే. నాకు ఎక్కడ కాలాలో అక్కడ కాలింది. కొత్త బండి చూడ్డానికొచ్చిన భార్యాభర్తలు, బిల్లు కోసం కూర్చున్నవాళ్ళు, అందరూ వినేలా అతన్ని కడిగి పారేశాను. నువ్వు పుట్టాక క్లచ్ చూశావా, నేను క్లచ్ మీదే బతికాను అన్నాను. చేతకాని పని చేసి ఆడవాళ్ళ మీద రుద్దడం మీకలవాటే అన్నాను. దొంగవన్నాను కూడా. అతను ప్లేటుని మళ్ళీ గుడ్డలో చుట్టుకుని వెళ్ళిపోయాడు. నాతో వచ్చి పక్కన కూర్చున్న మా ఆయన మాత్రం బూటు లేసు కట్టుకుంటూ ఉండిపోయాడు. ఆ లేసు ముడి ఎంతకీ పడలేదు.

కొత్త బండి చూడ్డానికొచ్చిన ఇద్దరూ లేచి వెళ్ళిపోవడం చూసి అడ్వైజర్ మొహం మాడిపోయింది. నన్ను పక్కకి తీసుకెళ్ళి గొంతు తగ్గించాడు.

"మేడం, పోయినసారి సర్వీసులో మీ పెడల్ సెట్టింగ్ చేసింది అతనే. సెట్టింగ్ తప్పు పెట్టాడని రాస్తే అది వర్క్‌షాప్ తప్పవుతుంది. వారంటీలో పాసైపోద్ది. మీరు కాస్త చల్లబడండి."

"చల్లబడ్డమేంటి? జరిగింది అదేగా! రాయండి" అన్నాను. ఒట్టు, నేను మనస్ఫూర్తిగా నమ్మే అన్నాను. నా కాలిని అనుమానించాలనే ఆలోచనే నాకు రాలేదు.

తొమ్మిది రోజులకి బండి సిద్ధమైందని ఫోన్ వచ్చింది. మా ఆయన పోస్టాఫీసులో పార్సెళ్ళ కౌంటర్లో పనిచేస్తాడు. ఆ రోజు సెలవు పెట్టి నాతో వచ్చాడు. అడ్వైజర్ తాళాలిస్తూ, ఏదో బహుమతి ఇస్తున్నట్టు, "చర్య కూడా తీసుకున్నాం మేడం. అతన్ని వాషింగ్ సెక్షన్‌లో వేశాం" అన్నాడు.

"మంచి పని చేశారు" అన్నాను. లోపల హాయిగా అనిపించింది. దాచడం దేనికి?

బండి దగ్గరికి వాషింగ్ షెడ్డు మీదుగానే వెళ్ళాలి. ఆ మెకానిక్ ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, చేతిలో పైపుతో ఎవరిదో బురద పట్టిన జీపు చక్రాలు కడుగుతున్నాడు. "ఇక్కడైనా చూసుకుని పని చెయ్యి" అన్నాను. అతను నా మీద నీళ్ళు చిందకుండా పైపు కట్టేసి, నేను దాటేదాకా ఆగాడు.

బండి ఫ్లైఓవర్ ఎక్కుతుండగా మొదలైంది. యాక్సిలరేటర్ తొక్కుతుంటే ఇంజన్ గోల పెడుతోంది గానీ బండి మాత్రం లాగడం లేదు. వెనకనించి హారన్లు.

"చూశారా? కొత్త క్లచ్ కూడా తగలేశారు వెధవలు! ఇప్పుడే వెనక్కి తిప్పుతాను. ఈసారి ఆ అడ్వైజర్‌ గాడికి కూడా ఉంది!"

"ముందు నీ ఎడం కాలు చూసుకో" అన్నాడు మా ఆయన.

చూసుకున్నాను. నా పాదం క్లచ్ పెడల్ మీద ఉంది. నేను పెట్టలేదు. తీసి కింద పెట్టాను. బండి ఒక్క ఉదుటున ముందుకి దూకింది. ఫ్లైఓవర్ దిగేలోపు మళ్ళీ చూస్తే, పాదం మళ్ళీ అక్కడే ఉంది.

మా స్కూలు కార్లో నా సీటు ముందు కూడా ఒక క్లచ్, ఒక బ్రేకు ఉంటాయి. నేర్చుకునేవాళ్ళు కంగారుపడితే నేను తొక్కాలి. అందుకని ఇరవై నాలుగేళ్ళుగా పొద్దున్నించీ సాయంత్రం దాకా నా పాదం ఆ క్లచ్ మీదే కాపలా ఉంటుంది. ఇది నా సొంత బండి, నడిపేది నేనే అని దానికెవరూ చెప్పలేదు.

"మీకు ముందే తెలుసా?" అన్నాను.

"ఆఁ."

"ఎప్పణ్ణించి?"

"కొన్న వారం నుంచి."

"మరి చెప్పి చావొచ్చు కదా!"

"రెండుసార్లు చెప్పబోయాను. మొదటిసారి దిగి నడిచి రమ్మన్నావు. రెండోసారి నిజంగానే దింపేశావు."

నవ్వొచ్చే మాటే. నాకు నవ్వు రాలేదు. "పోనీ అక్కడ ఆ మనిషిని నేను అన్నేసి మాటలంటుంటే అయినా నోరు విప్పొద్దా?"

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "విప్పాల్సింది. నీ నోటికి జడిసి ఊరుకున్నాను. అది నా తప్పే" అన్నాడు.

బండి పక్కకి ఆపాను. ఇన్నాళ్ళూ ఆ హాలంటే అసహ్యం, ఆ నవ్వంటే అసహ్యం, ఆ కాఫీ అంటే అసహ్యం. ఇప్పుడు నా కాలంటే, నా నోరంటే, ఇంకా చెప్పాలంటే నేనంటేనే అసహ్యం పుట్టింది. నిజం చెప్పినవాడిని దొంగన్నాను. వాడి చేత చక్రాలు కడిగించి హాయిగా ఉందనుకున్నాను. ఛీ.

"ఇంటికి పోదాం పద. క్లెయిమ్ ఎలాగూ పాసైపోయింది" అన్నాడు మా ఆయన. నేను బండి వెనక్కి తిప్పాను.

అడ్వైజర్‌కి విషయం చెబితే నవ్వు ఎగిరిపోయింది. "మేడం, ఇప్పుడు తిరగదోడితే కంపెనీ నన్ను నిలదీస్తుంది. మీరు మొత్తం కట్టాల్సొస్తుంది."

"కడతాను. వాయిదాల్లో కడతాను."

"అతనేం బాధపడట్లేదు మేడం. జీతం అంతే ఉంది కదా."

వాడి మొహాన ఉమ్మేయాలనిపించింది. కానీ అతన్ని అక్కడ వేశామంటే మంచి పని చేశారన్నది నేనే కదా. కాగితం అడిగి తీసుకుని రాశాను: క్లచ్ నా పాదం వల్ల కాలింది. మెకానిక్ మొదట ఇచ్చిన రిపోర్టే నిజం. సంతకం చేసి, కింద డ్రైవింగ్ టీచర్ అని కూడా రాసి, కాపీ పట్టుకుని షెడ్డుకి వెళ్ళాను.

"మీరు చెప్పిందే నిజమండీ. తప్పు నాది" అన్నాను. అతన్ని "మీరు" అనడం అదే మొదటిసారి.

అతను చేతులు తుడుచుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. మడిచి నా చేతికే ఇచ్చాడు.

"ఆ రోజు అన్నది హాల్లో మేడం. అందరి ముందు" అన్నాడు.

ఇక్కడ షెడ్డులో నేనూ అతనూ తప్ప ఎవరూ లేరు. నాకు అప్పటిదాకా ఆ సంగతే తట్టలేదు. అద్దాల అవతల హాలు నిండుగా ఉంది. వాళ్ళలో ఇద్దరు నా దగ్గర నేర్చుకున్నవాళ్ళు.

"రండి" అన్నాను.

ప్యాంటు మడతలు విప్పుకుని వచ్చాడు. హాలు మధ్యలో నిలబడి, "అందరూ ఒక్క నిమిషం వినండి" అన్నాను. తలలు లేచాయి. "తొమ్మిది రోజుల క్రితం ఇక్కడే ఈయన్ని దొంగన్నాను. ఈయన చెప్పింది నిజం. నా బండి క్లచ్ కాల్చింది నేనే. పెడల్ మీద కాలేసుకుని నడుపుతాను. నేను డ్రైవింగ్ నేర్పుతాను."

సోఫాలో ఒకడు పక్కున నవ్వాడు. ఇంకొకడు అందుకున్నాడు. నేను నోరు మూసుకుని, వాళ్ళు నవ్వడం అయ్యేదాకా అతని పక్కనే నిలబడ్డాను.