గట్టు కోసం మూడు ముక్కలు

“పైకా, కిందికా?”

అడుగుతూనే ఎడమచేత్తో లిఫ్టు ఇనుపతలుపు లాగి, కుడిచేత్తో మీట నొక్కాడు. ఆ మీట మొండిది, భుజంతో సహా ఒత్తితేగాని కదలదు. ఇన్నేళ్ళు ఒత్తి ఒత్తి అతని కుడిభుజం కాస్త కిందికి జారిపోయింది. రోజంతా ఆ ఒక్క ప్రశ్నే అడుగుతాడు కాబట్టి భవనంలో అందరూ అతన్ని ‘పైకాకిందికా’ అనే పిలుస్తారు. అసలు పేరు ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలని ఎవరికీ తోచలేదు కూడా.

“ఏం పైకాకిందికా, ఇవాళ సగం రోజు సెలవట?” అన్నాడు గుమాస్తా.

“రాయి చూడాలండీ, వంటగట్టుకి.”

“ఇంకా చూడ్డమేనా? ఎండాకాలం నించీ ఇదే మాట!”

అతను నవ్వేశాడు. నవ్వక ఏం చేస్తాడు?

అతని భార్య ఇంతకాలం నేలమీద పొయ్యి పెట్టుకుని కూర్చునే వండింది. గుండెజబ్బు బయటపడ్డాక డాక్టరు, వంగడాలూ లేవడాలూ మానెయ్యమన్నాడు. ఆ మర్నాడే మేస్త్రీని పిలిచి నిలబడి వండుకునేలా గట్టు మొదలుపెట్టించారు. ఇటుకగోడలు రెండూ లేచాయి. పైన పరవాల్సిన బండ మాత్రం రాలేదు. ఉన్న డబ్బుకి ఒక్కసారే వెయ్యగలరు, తప్పయితే మార్చలేరు. పైగా ఆవిడ ఏదీ పరీక్ష పెట్టకుండా ఇంట్లోకి రానివ్వదు. చీర కొంటే కొంగు తడిపి తెల్లగుడ్డకేసి రుద్దాలి. బిందె కొంటే రాత్రంతా నీళ్ళు నింపి ఉంచాలి. పెళ్ళికి ముందు అతని చేతికీ నిండుగ్లాసు ఇచ్చి, ఈ గది నించి ఆ గదికి నడిపించింది. చుక్క ఒలకలేదు కాబట్టి సరేనంది.

గట్టుకీ అదే వరస. చెక్కపలక నీళ్ళకి ఉబ్బింది. సిమెంటు పలక వేడిగిన్నె దించగానే చిట్లింది. ప్రతిసారీ “పోనీలెండి, ఇంకోటి చూద్దాం” అనేది. ఆ చూడ్డంలో ఇద్దరికీ ఓ సరదా ఉండేది. ఇరుకు గదిలో కూర్చుని పెద్దింటి కబుర్లు చెప్పుకున్నట్టు, కొత్త గట్టు గురించి మాట్లాడుకుంటూ పడుకునేవాళ్ళు. పొయ్యి మాత్రం నేలమీదే ఉండిపోయింది.

“అన్నా, మా వదిన నా కొట్లో రాళ్ళన్నిటినీ ఫెయిల్ చేసేసింది,” అన్నాడు రాళ్ళకొట్టతను. “ఇంక ఇవే మిగిలాయి.” మచ్చుకి మూడు ముక్కలు తీసి బల్లమీద పెట్టాడు. ఒకటి నల్లరాయి, ఒకటి నున్నటి టైలు, మూడోది తెల్లని పాలరాయి. ఎవరో పెద్దవాళ్ళింట్లో పని అయ్యాక మిగిలిన బండ అట, చవగ్గా ఇచ్చేస్తానన్నాడు. తెల్లదాని మీద అతని మనసు పడింది. వంటగది చీకటిగా ఉంటుంది, ఇది పరిస్తే ఆవిడ ముఖంమీద కాస్త వెలుగు పడుతుందనుకున్నాడు. మూడిటినీ సంచీలో వేసుకుని, ఇదైనా నెగ్గాలని ఇంటిదారంతా దేవుడికి మొక్కుకున్నాడు.

ఆవిడ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. పాదాలు వాచి మెరుస్తున్నాయి. సంచీ చూడగానే ఆయాసం మరిచిపోయి చేతులు చాపింది. తెల్లముక్కని ఒళ్ళో పెట్టుకుని అరచేత్తో నిమిరింది.

“అబ్బ, ఎంత చల్లగా ఉందో!”

“దీన్నే ఖాయం చేసేద్దామా?”

“ఆగండి, తొందరేముంది? పసుపు పట్రండి.”

పసుపులో నూనె కలిపి, మూడు ముక్కలమీదా మూడేసి వేళ్ళతో గట్టిగా రాసింది. కిటికీలో వరసగా పెట్టించింది. వేళ్ళు చీరకి తుడుచుకోబోయి, మళ్ళీ ఎందుకనో గోడకి తుడిచింది.

“కాసేపు ఆరనిద్దాం. కడిగితే మరక పోయిన రాయే మనది.” తెల్లదాన్ని చూసి, “దీని మరక పోతే బావుణ్ణు” అంది. “కాస్త టీ పెట్టండి, ఈలోగా ఓ కునుకు తీస్తాను.”

అతను వంటగదిలో వంగి పొయ్యి వెలిగించాడు. మోకాళ్ళు కటుక్కుమన్నాయి. ఆవిడ రోజుకిన్నిసార్లు ఇలా వంగి ఎలా లేచిందో అనిపించి, ఎప్పుడూ లేనంత సిగ్గేసింది. రేపే మేస్త్రీని పిలవాలి, నెగ్గినా నెగ్గకపోయినా తెల్లదే వేయించాలి అనుకున్నాడు. గ్లాసు తెచ్చి “ఇదిగో, లే” అన్నాడు. ఆవిడ తల కిటికీవైపు ఒరిగి ఉంది. ఇంకోసారి పిలిచాడు. గ్లాసు నేలమీద పెట్టి, భుజం పట్టుకుని కదిపి, మళ్ళీ మళ్ళీ పిలిచాడు.

ఆవిణ్ణి సాగనంపి వచ్చాక ఆవిడ అక్కగారు ఒక్కతే ఉండిపోయింది. ఏడ్చే ఓపిక అయిపోయి ఇల్లు కడగడం మొదలుపెట్టింది. కిటికీలో ముక్కలు తీసి సబ్బుతో తోమింది. నల్లదాని మరక పోయింది. టైలుదీ పోయింది. తెల్లదాన్ని పీచుతో ఎంత రుద్దినా పోలేదు.

“ఇది వదలట్లేదయ్యా మరిదీ. కొంచెం నిమ్మకాయ వేసి చూడనా?”

అతను ఒక్క అంగలో వచ్చి ఆమె చేతిలోంచి లాక్కున్నాడు.

“వద్దొదినా. రుద్దకండి.”

ఆమె అతని ముఖం చూసి, పీచు కింద పెట్టేసి పెరట్లోకి వెళ్ళిపోయింది. అతను ముక్కని చొక్కాతో అద్ది, కిటికీలోనే పెట్టాడు. తన మూడు వేళ్ళు ఆ గీతలమీద ఆనించి చూశాడు. అతని వేళ్ళు లావు, సరిపోలేదు.

తెల్లరాతిమీద పసుప్పచ్చటి గీతలు మూడు, మొదట చిక్కగా, వేళ్ళు ఎత్తిన చోట పలచగా.