పదహారు గడుల దుప్పటి

శ్రీలత మేడం ఏ పని షురూ చేసినా మూడో వారం దాటదు. ఇది గిట్టనోళ్లు పుట్టిచ్చిన మాట గాదు. ఆమె పెనిమిటి రాంచందర్ సారే ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికి చాయ్ కంటె ముందు ఈ ముచ్చట అందిస్తడు. అందిచ్చుడు గూడ ఉత్తగ గాదు, లేచి నిలబడి ఇల్లంత తిప్పి చూపిస్తడు. "గిది హార్మోనియం, రెండు వారాలు. గది కుట్టు మిషను, మూడు వారాలు. గా మూలకున్నది యోగా చాప. నాలుగు దినాలు, అండ్ల రెండు దినాలు దాని మీద పండుకున్నది." చుట్టాలు కడుపుబ్బ నవ్వుతరు. శ్రీలత గూడ నవ్వుతది. నవ్వి, వంటింట్లకు పోయి కొంగుతోని కండ్లు ఒత్తుకుంటది. ఇరవై రెండేండ్ల సంది ఇదే తంతు.

అందుకే కార్తీకంల ఒకనాడు యూట్యూబుల ఆ విదేశీ ముసలామె కనపడంగనే శ్రీలతకు పట్టుదల లేచింది. ఆ ముసలామె వారానికొక ఊలు గడి అల్లుతది. క్రోషా సూదితోని. ఒక వారం అల్లినట్టు ఇంకో వారం అల్లది, వారానికో కొత్త నమూనా. ఆఖరికి అన్ని గడులు కలిపితే దుప్పటి. దాన్ని అఫ్గాన్ అంటరట. శ్రీలత ఫోను కింద పెట్టి గోడ మీద క్యాలెండరు చూసుకున్నది. మార్చి ఎనిమిది, మహిళా దినం, సరిగ్గ పదహారు వారాలున్నది. పదహారు వారాలు ఒక్క వారం తప్పకుండ అల్లి, కాలనీ హాలుల స్టేజీ ఎక్కి, ఆ మనిషి ముందట దుప్పటి పరిచి చూపియ్యాలె. ఇంక జన్మల ఇల్లు తిప్పి చూపియ్యొద్దు ఆయన. ఆమెకు కావాల్సింది గంతే.

నల్గొండల చలి గట్టిగ పదిహేను దినాలుంటె ఎక్కువ. మిగిలిన పదకొండున్నర నెలలు మనుషులు ఫ్యాను కింద పండుకొని ఫ్యానునే తిడ్తరు. అసొంటి ఊర్ల, అదీ మార్చి నెలల, ఊలు దుప్పటి! దాన్ని ఎవలకిస్తరంటె, సర్కారు దవాఖానల పుట్టిన పసిగుడ్డుకట. పాపం, ఆ పసిగుడ్డు ఏం పాపం చేసిందో. కాని కాలనీల ఒక్కరు గూడ ఆ మాటడుగలే. 'వారానికో గడి' అని పేరు పెట్టి కాలనీ ఆడోళ్లకు వాట్సాప్ గ్రూపు తీసిన గంటల పదిహేను మంది చేరిర్రు. శ్రీలతతోని పదహారు.

మొదటి వారం ఆమె నిజంగనే అల్లింది. అబద్ధమెందుకు, నాలుగు దినాలు వంటింటి ముఖం చూడలే. తీరా చూస్తే గడికి నాలుగు మూలలుండాలె గదా, ఈమెది అంచులన్ని పైకి లేచి గిన్నె లెక్క తయారైంది. బోర్లిస్తె టోపీ. రాంచందర్ సారు దాన్ని వేలికి తగిలిచ్చి తిప్పుకుంట, "దీన్ల ఇడ్లీ పొయ్యొచ్చా?" అని అడిగిండు.

వాళ్లింట్ల వంట చేసే లీలమ్మ ఇదంత చూసుకుంట రొట్టెల పిండి పిసుకుతాంది. లీలమ్మది సాలోళ్ల వాడ. ఇంట్ల మగ్గం ఇంకా ఆడుతనే ఉన్నది, పెనిమిటి సిద్దయ్య నేస్తడు, ఆమె కండెలు చుడుతది, పొద్దుమాపు రెండిండ్లల్ల వంట చేస్తది. చేతులు కడుక్కొని వచ్చి ఆ వీడియోను రెండుసార్లు చూసింది, అది గూడ సౌండు లేకుండ. మూడోసారి చూడలే. అద్దగంటల గడి చేతిల పెట్టింది. నాలుగు మూలలు నాలుగు దిక్కులకు కొలిచి పెట్టినట్టున్నయి.

"అఫ్గాన్ అంటె గా బాంబులేసుకునే దేశం గాదా మేడం? వాళ్లకు దుప్పట్లు అల్లుకునే తీరికెక్కడిది?" అన్నది లీలమ్మ.

"అయన్ని నీకెందుకు గని, గీ ఒక్క వారం నువ్వే అల్లు. వచ్చే వారం సంది నేనే అల్లుకుంట. కాని ఎవలకు చెప్పొద్దు. నా మీదొట్టు."

వచ్చే వారం వచ్చింది, పోయింది. ఆ పై వారం గూడ గట్లనే. ఆమె అల్లే వారం మాత్రం ఎన్నడు రాలే అనుకోండ్రి.

లీలమ్మ తెచ్చే ప్రతి గడికి జానెడు దారం వేలాడుకుంట ఉండేది. "గీ తోకేంది లీలమ్మా, అసయ్యంగ?" అనడిగింది శ్రీలత.

"గట్లనే ఉండాలె మేడం. మగ్గం మీద బట్ట కోసినంక మేము పడుగు కొసలు ముడెయ్యం, జానెడు ఇడిసిపెడ్తం. కొత్త పడుగు తెచ్చి గా కొసలకే అతుకుతం. కొస ముడేసి మగ్గం బోడిగ పెట్టుడు మా ఇండ్లల్ల మంచిది గాదు. రేపు ఇంకో గడిని దీనికే అందియ్యాలె గదా, అందుకే ఆఖరి కన్ను, గీ దారం ఉచ్చు, ముడెయ్యకుండ ఇడిసిన. తోక మాత్రం కొయ్యకుర్రి."

శ్రీలత ఆఁ ఆఁ అన్నది. ఒక్క ముక్క చెవిన పెట్టలే. లీలమ్మ అటు పోంగనే కత్తెర తీసి తోక కచ్చుమని కత్తిరిచ్చింది. ఆ గడికి ఆమె పెట్టిన కష్టం గదొక్కటే. ఫోటో తీసి గ్రూపుల పెట్టింది. నిమిషంల పదిహేను గుండెలు, పన్నెండు చప్పట్లు వచ్చినయి.

కాని శ్రీలతకు నిద్ర పట్టలే. ఎందుకంటె మిగిలినోళ్ల గడులు గూడ అంతే ముద్దుగున్నయి. కొంగుకు పిన్నీసు పెట్టుకునుడు రాని నిర్మలమ్మ గూడ మల్లెపువ్వు నమూనా పెట్టింది. 'ఓ యవ్వ! అందరు నిజంగ అల్లుతున్నరు, నేనొక్కదాన్నే దొంగను' అనుకున్నది శ్రీలత. ఎవలన్న ఎదురుపడి "ఈ వారం గొలుసు ఎన్ని కన్నులేసినవ్ శ్రీలతా?" అనడుగుతరేమోనని కూరగాయల బండి కాడికి పోవుడు గూడ బందు చేసింది. ఎవ్వరు అడుగలే. ఎందుకడుగలేదో ఆమె ఆలోచన చెయ్యలే.

ఒక్క ప్రవళిక గడే వంకర. ప్రవళిక దేవరకొండ దిక్కు పిల్ల, ప్రైవేటు బడిల పాఠాలు చెప్తది, కాలనీల పై పోర్షన్ల కిరాయికుంటది. ఆమె గడి ఒక దిక్కు సాగి, ఒక దిక్కు కుదించుకపోయి, తమలపాకుకు ఎక్కువ, గడికి తక్కువ. కింద నిజాయితీగ రాసేది, 'నాలుగుసార్లు ఇప్పి మల్ల అల్లిన మేడం, గింతే వచ్చింది' అని. దానికి నవ్వే బొమ్మలు వరుసబెట్టి వచ్చేటివి. శ్రీలత పెద్దరికంగ జవాబు పెట్టేది: 'ప్రయత్నం మంచిదే బిడ్డా. కాని కాలనీ పరువు గూడ జర చూసుకోవాలె.' చూసినారా, పరువు గురించి ఎవలు మాట్లాడుతున్నరో!

మార్చి ఎనిమిది వచ్చింది. ఒక్కొక్కలు తమ దాంట్ల మంచి గడి ఒక్కటి తెచ్చియ్యాలె, నాలుగు వరుసలు, వరుసకు నాలుగు. ప్రవళికది ఎడమ దిక్కు అడుగు మూలకు పోయింది, ఎవలకు కనపడొద్దని. టైము లేక శ్రీలత గడికి గడి మూలల కాడ టాకాలేసి దుప్పటి అనిపిచ్చింది. హైదరాబాదు నుంచి వచ్చిన పెద్ద మేడం ముఖ్య అతిథి. ముందు వరుసల రాంచందర్ సారు చేతులు కట్టుకొని కూసున్నడు. వెనక లీలమ్మ చాయ్ పళ్లెం పట్టుకొని నిలబడ్డది.

పెద్ద మేడం దుప్పటిని రెండు చేతులతోని పైకి లేపి ఫోటోకు నవ్వింది. నవ్వు అయిపోక ముందే ఆమె గాజుకు ఊలు కన్ను తట్టుకున్నది. గుంజింది. దారం వచ్చింది. ఇంకా గుంజింది. ఇంకా వచ్చింది. మల్లెపువ్వు నమూనా కండ్ల ముందటనే రేకు రేకు ఊడి ఊలు కుప్పయింది. "అయ్యో పట్టుకోండ్రి, పట్టుకోండ్రి!" అని పది మంది స్టేజీ మీదికి ఉరికి, తలా ఒక దిక్కు పట్టి గుంజిర్రు. గుంజిన గడి గుంజినట్టే ఇప్పుకపోయింది. ఆఖరికి పెద్ద మేడం మోచేతి దాక ఊలు చుట్టుకొని నిలబడ్డది. స్టేజీ మీద పదిహేను గడులు కుప్పపడ్డయి. ఒక్క గడి మాత్రం, ఆ వంకరది, చెక్కుచెదరలే.

దొరికిపోయిన అనుకున్నది శ్రీలత. గప్పుడే లీలమ్మ పక్కకొచ్చి చెవుల అన్నది, "తోకలు కోసిర్రా మేడం? కొయ్యొద్దని చెప్పిన గదా."

"నాది కోసిన. మరి మిగిలినోళ్లవెందుకు ఊడినయే?"

"అయి గూడ మా వాడవే మేడం. పదిహేనూ మేమే అల్లినం. నిర్మలమ్మది మా తోటికోడలు అల్లింది, బ్యాంకు మేడంది మా ఎదురింటామె. వాళ్లకు నేర్పింది నేనే, అందుకే ఎవ్వరు కొస ముడెయ్యలే, మేడంలందరు మీ లెక్కనే తోకలు కోసినట్టున్నరు. ఎవలకు చెప్పొద్దని అందరు మేడంలు ఒట్లు పెట్టిర్రాయె! గా పిల్లది ఒక్కటే ఆమె సొంతం."

పదహారు వారాలు నిద్ర పాడు చేసుకున్న శ్రీలతకు నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే. ఆడోళ్లందరు ఒకల ముఖం ఒకలు చూసుకుంటున్నరు. ఒక్క ఘడియ, నిజం నోటి కొస దాక వచ్చింది. గప్పుడు నిర్మలమ్మ గొంతు లేచింది. "గా వంకర గడి వల్లనే! అదే అన్నిటిని ఓ దిక్కు గుంజింది." "అవునవును, మొదట్నుంచి చెప్తనే ఉన్న" అని ఇంకొకామె. "దాన్ని కలుపొద్దంటె విన్నరా?" అని మరొకామె. ఎంత తొందరగ ఒక్క మాట మీదికొచ్చిర్రో, కాలనీ మురికి మోరీ గురించి పదేండ్ల సంది గట్ల రాలే.

"నాది ఊడలేదు గదా మేడం," అన్నది ప్రవళిక. అని శ్రీలత దిక్కు చూసింది.

మైకు శ్రీలత చేతులున్నది. ముందు వరుసల రాంచందర్ సారు మీసం ఒక దిక్కు లేచింది. ఇల్లు తిప్పి చూపిచ్చే ముందు ఆ మీసం గట్లనే లేస్తది. రేపటి సంది హార్మోనియం పక్కన ఊలు కుప్ప గూడ చూపిస్తడు. శ్రీలత గొంతు సవరిచ్చుకున్నది.

"ఒక్కరు సరిగ అల్లకుంటె పదిహేను మంది కష్టం మట్టిపాలైతది. ప్రవళికా, నీకు చెప్పిన గదా బిడ్డా, పరువు చూసుకోవాలని."

చప్పట్లు. పెద్ద మేడం చేతికున్న ఊలు ఇప్పుకొని శ్రీలతకు శాలువ కప్పింది, ఇంత మందిని పదహారు వారాలు నడిపిచ్చినందుకు. రాంచందర్ సారు గూడ లేచి చప్పట్లు కొట్టిండు. పెండ్లైనంక మొదటిసారి.

కారెక్కినంక ఆయన అన్నడు, "మొత్తానికి పదహారు వారాలు పట్టువిడవకుండ నడిపినవ్." శ్రీలతకు గుండె నిండింది. గడియారం సెంటరు దాక గట్లనే నిండుగున్నది. ఆడ సారు గేరు మార్చుకుంట, "లీలమ్మకు ఓ మంచి చీర పెట్టు. పాపం మస్తు అల్లింది" అన్నడు.

"మీకు తెలుసా?"

"నేను గా ఇంట్లనే ఉంట గదా! నువ్ అల్లుతవని నేనెప్పుడనుకున్న? ఫికర్ చెయ్యకు. మా ఆఫీసుల ఫైలంత గుమాస్తా గిరి రాస్తడు, సంతకం నాది. ఇరవై ఏండ్ల సంది ఎవడన్న అడిగిండా?" అని భుజం తట్టిండు. పెండ్లాన్ని తనతోని సమానంగ చేసినననుకొని మురిసిండు.

ఈ మనిషి నోట మంచి మాట కోసమా, ఆ పిల్లను నలుగుట్ల నిలబెట్టి కడిగేసింది? శ్రీలతకు సిగ్గుతోని ఒళ్లు మండింది. "కారాపుర్రి" అన్నది. "ఏమాయె?" అంటె చెప్పలే. శాలువ సీటు మీద పడేసి, దిగి ఆటో ఎక్కింది.

హాలుల కుర్చీలు లేపేసిర్రు. కింద చాప మీద లీలమ్మ, ప్రవళిక కూసొని ఊలు ఉండలు చుడుతున్నరు. లీలమ్మ ఆ వంకర గడిని వెలుగుకు పట్టి, "గీ ఆఖరి కన్నుల నుంచి కొస తీసి బిగిచ్చుడు ఎట్ల బిడ్డా? మల్ల ఒక్కపారి చూపియ్యి" అంటున్నది. నలభై ఏండ్లు నూలు పట్టిన చెయ్యి అది. ప్రవళిక చూపిస్తున్నది.

శ్రీలత వాళ్ల ముందట కూలబడ్డది. "ప్రవళికా, తప్పు నాది. నీ గడికి ఏం తప్పు లేదు. అన్ని తెలిసే అబద్ధమాడిన."

ప్రవళిక ఉండ చుట్టుడు ఆపలే. "ఈ మాట ఇప్పుడు ఎవలింటున్నరు మేడం?"

"గ్రూపుల పెడ్త. ఇప్పుడే పెడ్త."

"గ్రూపుల పెడ్తె మల్ల తీసేస్తరు. నన్నన్నది మైకుల గదా. మైకులనే చెప్పుర్రి. గా పెద్ద మేడం రాకున్న మంచిదే, కాలనీ అందరు రావాలె. సారు గూడ."

"మైకు ఇప్పుకపోయిర్రు గదనే..."

"మల్ల తెప్పియ్యుర్రి."

శ్రీలత లీలమ్మ దిక్కు చూసింది, ఆమెన్న జర అడ్డం వస్తదేమోనని. లీలమ్మ కొస బిగిచ్చుకుంట, "నాకు గూడ రెండు మాటలున్నయి మేడం, మా పదిహేను మంది పేర్లు చదవాలె" అన్నది.

బయట మైకు ఎక్కిచ్చుకున్న టెంటుహౌసోని ఆటో స్టార్టయింది. శ్రీలత లేచింది. చెప్పులేసుకోకుండనే గేటు దాక ఉరికి ఆటోకు అడ్డం నిలబడ్డది.

"ఇగో, ఆదివారం మైకు ఖాళీ ఉన్నదా?" అనడిగింది.