కలిసిన శ్రుతి మీద అనుమానం

మోటార్లు బాగుచేసేవాడు ఎవరి మాటా నమ్మడు. "ఊరికే ఆగిపోయిందండీ" అంటూ తెస్తారు, విప్పితే లోపల నీళ్లు. అందుకే, మాటలు నేర్పే డాక్టరమ్మ "మీ ఇద్దరికీ శ్రుతి కలిసింది బాబాయ్ గారూ" అనగానే నాకు అనుమానం వచ్చింది.

మా ఆవిడ పిల్లలకు సంగీతం చెప్పేది. పక్షవాతం వచ్చాక కాలూ చెయ్యీ తేరుకున్నాయి గాని మాట పోయింది. రాగం మాత్రం తీస్తుంది. రోజూ ఎవరైనా పక్కన కూర్చుని ఒకే శ్రుతిలో పాడితే, రాగం వెంట మాట కూడా రావచ్చన్నారు. ఇంట్లో ఉన్నది నేనొక్కణ్ణే. నడిచే మోటారుకు స్క్రూడ్రైవరు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, ఏ బేరింగు పోయిందో చెప్పగలను. పాడబోతే మాత్రం పెళ్లయిన కొత్తలోనే ఆవిడ నాకు దండం పెట్టేసింది.

అలాంటివాడికి నెల తిరక్కుండా శ్రుతి కలిసిందట. ముసలాడి మొహం చూసి డాక్టరమ్మ అబద్ధమాడిందేమో అనుకున్నాను. అనుమానం పెనుభూతం, ఒకచోట కూర్చోదు. అది మా ఆవిడ మీదికి మళ్లింది. నేను "ఆ..." అని ఎత్తుకోగానే కళ్లు దించేసుకుంటోంది. నేను పైకి వెళ్తున్నానా, తనే కిందికి దిగి నా దగ్గరికి వస్తోందా? తన దారి వదిలేసి నా వెంట పడితే ఇక మాట వచ్చినట్టే. ఆ భయంతో నాకు అన్నం సయించలేదు.

ఆదివారం షాపు తెరవలేదు. ఫోనులో శ్రుతి పెట్టి ఇద్దరం పాడుతుండగా, కావాలనే కొంచెం జారాను. ఆవిడా జారింది. ఇంకొంచెం దిగాను. ఆవిడా దిగింది. ఫోనుది ఒక దారి, మాది ఒక దారి అయింది.

"దొరికావు. ఇన్నాళ్లూ నువ్వే దిగొస్తున్నావు కదూ?" అన్నాను.

తేలు కుట్టిన దొంగలా చూపు తిప్పుకుంది. నాకు ఒళ్లు మండింది.

"నన్ను సంతోషపెట్టడానికా ఈ వైద్యం? నీ నోట ఒక్క మాట వినాలని చస్తున్నానే నేను."

ఆ కోపంతోనే మళ్లీ ఎత్తుకున్నాను. గొంతు ఎటు పోయిందో నాకే తెలియదు. ఈసారి ఆవిడ వెంట రాలేదు. పెదవి కొరుక్కుంది, మొహం చిట్లించింది. ఓర్చుకున్నంతసేపు ఓర్చుకుని, నా మోకాలి మీద ఒక్కటి చరిచి, ఫోను శ్రుతిలోనే, రాగం తీసినట్టు అంది.

"త...ప్పు."

అని, తన నోరు తనే తడుముకుంది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

"మళ్లీ అనవే" అన్నాను. పెదవులు కదిలాయి గాని రాలేదు. ఆవిడ కళ్లలో బెదురు చూసి గబగబా నేనే అందుకున్నాను, పక్కింటివాళ్లు కిటికీ మూసుకునేంత ఘోరంగా.

"తప్పు" అంది.

పొద్దుగూకేదాకా నేను తప్పుగానే పాడాను. ఆవిడకూ అనుమానం వచ్చినట్టుంది, కళ్లు చిన్నవి చేసి నన్నే చూస్తోంది. అయినా దిద్దడం మానలేదు.