మాలకీ కట్టుడు పళ్ళు

చలికాలం మొదలైనప్పటి నుంచి మాలకీ టార్పీ నలుగురిలో ఫ్లూటు ముట్టుకోలేదు. తప్పంతా కూతురు ఫినోలాదే. మనవడి పెళ్ళి ఫొటోల్లో బాగుండదని పోరుపెట్టి, మిగిలిన పుచ్చుపళ్ళు పీకించి కట్టుడు పళ్ళు పెట్టించింది. పళ్ళు చక్కగానే అమరాయి. ఫ్లూటు ఊదితే మాత్రం గాలి తప్ప స్వరం పలకలేదు. స్నానాలగదిలో తలుపేసుకుని, పళ్ళు తీసి ఊదుతుంటే బాగానే పలకడం ఫినోలా విన్నది. ఆ మాటే అంటే, "జనంలో బోసినోరు తెరిచే కన్నా చావడం నయం" అని కసిరాడు. చెత్త పారబోయడానికైనా టై కట్టుకుని వెళ్ళే మనిషి మరి.

ఆ ఆదివారం మధ్యాహ్నం బతిమాలి, బ్రాంక్స్‌లో తమ దేశం నుంచి వలస వచ్చినవాళ్ళు వారంవారం చేరి వాయించే పబ్బు వెనకగదికి లాక్కొచ్చింది. ఫ్లూటు తన సంచిలో వేసుకుంది, తన ఫిడేలూ తెచ్చుకుంది. మాలకీ టీ కప్పు పట్టుకుని గోడవార కూర్చున్నాడు.

అకార్డియన్ వాయించే ఫెస్టస్ ఆయనతో ఒకే ఓడలో వచ్చినవాడు. "ఏరా, చుట్టపుచూపుగా వచ్చావా?" అన్నాడు.

"నీ గోల వినడానికొచ్చాన్లే. వాయించు."

మాలకీ తల్లి కట్టిన బాణీ ఒకటుంది. ఆయన గదిలో ఉంటే దాన్ని ఆయనే ఎత్తుకోవాలి, తక్కినవాళ్ళు తర్వాత అందుకోవాలి. ఎవరూ చెప్పకపోయినా అందరూ పాటించే మర్యాద అది. అలాంటిది ఫెస్టస్ తనే ఎత్తుకున్నాడు. అదీ గుర్రప్పందెంలా, రెండో భాగంలో మలుపులన్నీ మింగేస్తూ. ఫిడేళ్ళు ఆగిపోయాయి. ఎవరూ అతనితో కలవలేదు.

"ఆపరా! మా అమ్మ బాణీని ఖూనీ చేస్తున్నావ్!"

"ఏం చెయ్యమంటావ్? వాయించాల్సినోడు పళ్ళకి కాపలా కాస్తున్నాడు."

మాలకీ మొహం జేవురించింది. చటుక్కున నోట్లో వేళ్ళు పెట్టి పళ్ళు ఊడబెరికాడు. ఎక్కడ పెట్టాలో తోచక కూతురి దోసిట్లో పడేసి, ఆమె సంచిలోంచి ఫ్లూటు తీసుకున్నాడు. మొదట గాలి ఎక్కువైంది. తర్వాత పెదవి కుదిరింది. తల్లి వాయించినంత నిదానంగా, ఒక్క మలుపూ వదలకుండా ఊదాడు. రెండో చుట్టుకు గదంతా అందుకుంది.

"ఫిడేలు తియ్యవేమ్మా?" అని వాయిస్తూనే కేకేశాడు ఫెస్టస్.

ఫినోలా కళ్ళు తుడుచుకునే వీల్లేక అలాగే ఏడుస్తూ, "చేతులు ఖాళీ లేవు బాబాయ్" అంది.