మూడు గంటల శాంపిలు

మా నిద్ర ప్రయోగశాలలో పడుకునేవాళ్లు ఒక గదిలో, మేము పక్క గదిలో ఉండేవాళ్లం. మధ్య గోడకి ఒక అద్దం, దాని కింద వేలెడు కన్నం. అందులోంచి వచ్చే సన్నటి గొట్టంతో, మనిషిని లేపకుండా ఇరవై నిమిషాలకోసారి రక్తం తీయాలి. టైము రాసిన లేబుళ్లు వరసగా కోటు అంచుకి అంటించుకుని, ఒక్కొక్కటే పీకి సీసాకి అతికించడం మా పద్ధతి. ఇప్పుడంతా యంత్రాలే. నాకు మాత్రం ఆ కన్నం మీద ఇంకా బెంగే.

ఉద్యోగంలో చేరిన రెండో నెలలో వాలంటీర్లు దొరక్క నాన్నను పడుకోబెట్టాను. ఆయన రిటైరైన బస్సు డ్రైవరు. మొదటి బస్సు ఆయనదే కాబట్టి చిన్నప్పుడు నేను లేచేసరికి వెళ్లిపోయేవారు. సెలవురోజున కూడా నాకంటే ముందే లేచి కూచునేవారు. నాన్న నిద్రపోతుంటే చూడటం నాకదే మొదటిసారి. అద్దంలోంచి కళ్లప్పగించి చూస్తూ ఉండిపోయాను.

వారం తర్వాత మా ప్రయోగశాల నడిపే డాక్టరమ్మ, నాన్న రక్తపరీక్షల గ్రాఫు నా ముందు పడేసింది.

"సీసాలు తారుమారు చేశావు. ఒంటిని మేలుకొలిపే హార్మోను, కార్టిసాల్, తెల్లవారుజామున కదా పైకెక్కాలి? ఈయనకి రెండున్నరకే ఎక్కి కూచుంది. లేబుళ్లు తప్పని తేలితే రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

ఆ ఉద్యోగం కోసం రెండేళ్లు కాళ్లరిగేలా తిరిగాను. పైగా ఆ రాత్రి నా ధ్యాస నిజంగానే లేబుళ్ల మీద లేదు.

ఆ రాత్రి నాన్న మెదడు తరంగాలను యంత్రం గీతలుగా గీసిన కాగితాల కట్ట విప్పి నేలంతా పరిచాను. మోకాళ్ల మీద పాకుతూ ఒక్కో సీసా టైముతో పోల్చాను. పడుకున్న తొలి గంటలో గాఢనిద్ర. సరిగ్గా అక్కడే ఎదుగుదల హార్మోను పొంగింది. లేబుళ్లు సరైనవే! మూడింటి దగ్గర మాత్రం గీతలు మారాయి. నాన్నకు మెలకువ వచ్చింది. అరగంట ముందు నుంచే ఆయన ఒళ్లు లేవడానికి సిద్ధమవుతోంది.

డాక్టరమ్మ కూడా వంగి చూసింది. "సరే, బతికిపోయావు. కానీ ఆయన మూడింటికే ఎందుకు లేచారో కనుక్కో."

ఇంటికెళ్లి అడిగాను.

"పాత అలవాటే చిట్టీ. కదిలితే నీ గొట్టం ఊడొస్తుందేమోనని బిగుసుకుపోయి పడుకున్నా."

"డిపో మన వీధి చివరే కదా నాన్నా! నాలుగింటికి లేస్తే సరిపోయేది. మూడెందుకు?"

నాన్న చొక్కా గుండీ తిప్పుకుంటూ నసిగారు.

"డబుల్ డ్యూటీ చేసి నేనొచ్చేసరికి నువ్వు పడుకునేదానివి. మరి నిన్నెప్పుడు చూడను? అందుకే ముందు లేచి, గంటసేపు నీ మంచం పక్కన కూచునేవాణ్ణి. నిద్రలోనే ఎంత పెరిగిపోయావే నువ్వు!"

నాకు ఏడుపు ఆగలేదు. అద్దంలోంచి నేనాయన్ని చూసింది ఒక్క రాత్రి. ఆయన నన్ను పదహారేళ్లు చూశారు.